ఆ వేసవి కహు ఏమీ తినలేదు

మా దేశంలో వేసవి వచ్చే డిసెంబరులో గొర్రెల బొచ్చు కత్తిరించే కాలం మొదలైన రోజున మా ముఠాకి ఒక సరదా ఉండేది. ఉన్ని బేళ్ళు తూచే కాటా మీద పిల్లల్ని ఒక్కొక్కరినే నిలబెట్టి తూచేవాళ్ళు. మా ఆయన హోహెపా ముల్లు చూసి, "ఈ గొర్రెపిల్ల సంతకి పనికొస్తుంది!" అనో, "దీన్ని ఇంకో ఏడు మేపాలి!" అనో షెడ్డు అదిరేలా అరిచేవాడు. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు.

ఆ ఏడు మా అమ్మాయి కహురంగి ఎక్కింది. పదకొండేళ్ళది. హోహెపా ముల్లు చూశాడు. కాటాని బూటుకాలితో ఒకసారి తట్టి మళ్ళీ చూశాడు. 

"ఎంతున్నాను నాన్నా?"

"కాటా పాడైంది. దిగు తల్లీ."

కాటాకేం కాలేదు. దాని వెనకే ఎక్కిన, మా ముఠాలోని పెర్ల్ కూతుళ్ళిద్దరూ నిక్షేపంగా తూగారు. టీ వేళకి రొట్టెల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నాకు ముల్లు కనిపించలేదు గానీ హోహెపా మొహం కనిపించింది. ఎదిగే పిల్ల కిందటేడు కన్నా తగ్గింది.

నేను ఆ ముఠాకి వంటమనిషిని. దక్షిణ దీవిలోని ఒటాగో కొండల్లో ముఠా ఒక ఫారం నుంచి ఇంకో ఫారానికి పోతుంటే, వాళ్ళ వెనకే నా గిన్నెలూ తపేలాలూ పోయేవి. పొద్దంతా గొర్రెల్ని ఒడిసిపట్టి బొచ్చు తీసేవాళ్ళ తిండి మామూలు తిండి కాదు. వేటమాంసం, బంగాళాదుంపలు, గుడ్లు, వెన్న, జామ్, మళ్ళీ మాంసం. "రిపెకా పెట్టిన ముద్ద తిన్నవాడు ఇంకో ముఠాలోకి పోడు" అని చెప్పుకునేవాళ్ళు. నా పొయ్యి దగ్గరే పెరిగిన పిల్ల, పుల్లలా అయిపోయింది.

కహుకి చలికాలం నుంచీ కడుపునొప్పి. మా ఊరి డాక్టరు రక్తం తక్కువుందని టానిక్కు రాశాడు. ఎదిగే వయసు, సర్దుకుంటుందన్నాడు. కాటా ఎక్కిన సాయంత్రం నా పక్కన నిలబడి కంచాలు తుడుస్తూ, పెద్ద విషయం కానట్టు చెప్పింది.

"అమ్మా, దొడ్డికెళితే నెత్తురు పడుతోంది."

"ఎప్పట్నించే?"

"సెలవులకి ముందు నించి. చెబితే షెడ్డుకి తీసుకురావని చెప్పలేదు."

మర్నాడు ముఠాకి పెర్ల్ గుడ్లు వేయించి పెట్టింది. మేం ముగ్గురం డునీడిన్ పెద్దాసుపత్రికి బయల్దేరాం.

ఆసుపత్రిలో పిల్లకి మత్తిచ్చి, పేగుల్లోకి కెమెరా పంపి చూశారు. పొట్టిగా, నెమ్మదిగా మాట్లాడే డాక్టరమ్మ మాకు ఆ బొమ్మలు చూపించింది. పేగు లోపలంతా పుండ్లు. ఎండకి పగిలిన పెదవుల్లా ఉంది.

"దీన్ని క్రోన్స్ జబ్బంటారు," అంది. "ఎందుకొస్తుందో ఎవరికీ సరిగ్గా తెలీదు. మీరు పెట్టిన తిండి వల్ల రాలేదు. పెట్టకపోవడం వల్లా రాలేదు. అది మాత్రం మనసులో పెట్టుకోకండి."

"ఎప్పటికి పోతుంది?" అన్నాడు హోహెపా.

"పోదు. అణిగి ఉండేలా చూసుకోవాలి. ముందు ఈ మంట చల్లారాలి. దానికి పిల్లలకి మేం మొదట మాత్రలివ్వం. తిండి ఆపేస్తాం."

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆవిడ మళ్ళీ విడమరిచి చెప్పింది. ఎనిమిది వారాలు నోట్లోకి ఏ తిండీ పోకూడదు. ఒంటికి కావలసినవన్నీ కలిపిన పాలలాంటి ద్రవం ఒకటుంది, అదే అన్నమూ అదే కూరా. రొట్టెముక్క, పండుముక్క, ఒక్క చాక్లెట్టు కూడా వద్దు.

హోహెపా కుర్చీలో ముందుకు వంగాడు. "డాక్టరమ్మా, నేను చదువుకున్నవాణ్ణి కాను. గొర్రె బక్కచిక్కితే మేం మేత పెంచుతాం. మీరేమో ఉన్నది కూడా మానిపించేస్తామంటున్నారు."

"గొర్రెకి కాలు విరిగితే కొండెక్కిస్తారా?"

"ఎక్కించం."

"పేగూ అంతే. దానికిప్పుడు విశ్రాంతి కావాలి."

ఆయన టోపీ తీసి చేతుల్లో తిప్పుకుంటూ కూర్చున్నాడు. మంచం మీద కహు మాత్రం లెక్కలు వేసుకుంటోంది.

"నీళ్ళు తాగొచ్చా?"

"నీళ్ళు ఎన్నైనా."

"మరి క్రిస్మస్‌కి?"

"క్రిస్మస్‌కీ నీళ్ళే, బంగారూ," అంది డాక్టరమ్మ. నవ్వించబోయింది గానీ ఎవరూ నవ్వలేదు.

ఆ పాలు తాగడం మాటలు కాదు. వెనిల్లా వాసన వేసే జిడ్డునీళ్ళు. మొదటి రెండు గ్లాసులు ఎలాగో దిగాయి. మూడోది తాగినంతా కక్కేసింది. రోజుకి కావలసినంత నోటితో పోదని తేలిపోయాక, లుసియానా అనే టోంగా దేశపు నర్సు సన్నటి గొట్టం పట్టుకొచ్చింది. పగలు తాగగలిగినంత తాగడం, సాయంత్రం ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేసుకుంటే రాత్రంతా పడుకుని ఉండగా పాలు ఎక్కడం, పొద్దున్నే గొట్టం తీసేయడం. ఇంటికెళ్ళాక ఆ పని తల్లిదండ్రులు చేయాలి.

"మింగు, మింగు, మింగు. నీళ్ళు తాగుతున్నట్టు మింగు," అంటూ లుసియానా కళ్ళు మూసి తెరిచేలోగా వేసేసింది. "ఇప్పుడు సిరంజితో కొంచెం పైకి లాగి, ఈ కాగితం మీద చుక్క వెయ్యి. ఈ రంగొస్తే పొట్టలో ఉన్నట్టు. రాకపోతే పాలు పెట్టకూడదు, తీసేసి మళ్ళీ వెయ్యాలి. ఇప్పుడు నువ్వు వెయ్యమ్మా."

మొత్తం గొర్రెని ఒక్కదాన్నే కోసి ముక్కలు చేసేదాన్ని. ఏనాడూ నా చెయ్యి వెనకాడలేదు. ఆ రోజు గొట్టం కొస ముక్కు దగ్గరే ఆగిపోయింది. కహు కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే, "ఊఁ, కానీ అమ్మా," అని నాకే ధైర్యం చెప్పింది. హోహెపా లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు.

ఇంటికెళదామన్నాను. కహు ఒప్పుకోలేదు. "ఇంట్లో కూచుని గోడలు చూడాలా? షెడ్డుకే పోదాం. అక్కడైతే కుక్కలన్నా ఉంటాయి." డాక్టరమ్మ సరేనంది. తేడా కనిపిస్తే వెంటనే ఫోన్ చేయమంది. పాల డబ్బాలన్నీ బండి వెనక వేసుకుని కొండల్లోకి తిరిగొచ్చాం.

మొదటి వారం నేను వంటింటి తలుపు మూసుకుని వండాను. ఉల్లిపాయ వేయించడం మానేశాను. అయినా వాసనకి తలుపులేమిటి? కహు బయట మెట్ల మీద కూర్చుని, "ఇవాళ మాంసంలో రోజ్‌మేరీ వేశావు కదూ?" అని అడిగేది. నేను గిన్నె మూత బిగించేదాన్ని.

ముఠా వాళ్ళకి ఎవరు చెప్పారో, వాళ్ళలో వాళ్ళే అనుకున్నారో గానీ టీ వేళకి బల్ల దగ్గరికి ఒక్కరూ రావడం లేదు. రొట్టెలు అంగీల కింద దాచుకుని షెడ్డు వెనక్కి పోయి, నీళ్ళ ట్యాంకు నీడలో నిలబడి, దొంగల్లా గబగబా మింగేసి వస్తున్నారు. అలా రెండు రోజులు జరిగింది. మూడో రోజు కహు ట్యాంకు వెనక్కి వెళ్ళి వాళ్ళ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏంటిది?"

నోటి నిండా రొట్టె ఉన్న పెర్ల్ ఏమీ మాట్లాడలేకపోయింది. షెడ్డులో ఊడ్చి ఉన్ని ఏరే మనిషి ఆవిడ. నోటి దురుసుకి ముఠాలో ఆవిడ తర్వాతే ఎవరైనా.

"నేనేమైనా చచ్చిపోయానా, చావింట్లో తిన్నట్టు చాటుగా తింటున్నారు? అమ్మ బల్ల మీద అన్నీ పెట్టి ఎదురుచూస్తూ కూచుంది. పదండి!"

అందరూ తలలు దించుకుని దాని వెనకే వచ్చారు. కహు బల్ల చివర తన చోట్లో తన గ్లాసు పెట్టుకుని కూర్చుంది. ఎవరూ రొట్టె ముట్టుకోరు. చివరికి పెర్ల్ నోరు ఖాళీ చేసుకుని, "ఏదీ, నీ గ్లాసిటివ్వవే. అంత గొప్ప విందు నువ్వొక్కదానివే చేస్తున్నావు," అని ఒక గుక్క తాగింది. మొహం చిట్లించింది.

"ఓరి దేవుడో! గొర్రెలకి నులిపురుగుల మందు పడతాం చూడు, అది నయం. హోహెపా, నీ కూతురు ఇది తాగి బతికిందంటే ఇంక దీన్ని ఏదీ చంపలేదు."

 కహు ముందు నవ్వింది. తర్వాత గ్లాసు బల్ల చుట్టూ తిరిగింది. ఒక్కొక్కరూ ఒక్కో గుక్క తాగి ఒక్కో తిట్టు తిట్టారు. హోహెపా వంతు వచ్చేసరికి ఆయన గ్లాసు పక్కవాడికి జరిపేశాడు.

ఆయన గొట్టం వేసే వేళకి గదిలో ఉండేవాడు కాదు. కత్తెర్లకి పదును పెట్టాలనో, గొర్రెల్ని లోపలికి తోలాలనో ఏదో పని చెప్పి పోయేవాడు. ఒక సాయంత్రం గొట్టం దగ్గు తెప్పించి నోట్లోంచి బయటికొచ్చింది. మళ్ళీ వేస్తే మళ్ళీ అంతే. కహు నా చెయ్యి తోసేసి గోడ వైపు తిరిగి పడుకుంది. నేను బయటికొచ్చి ఆయన మీద విరుచుకుపడ్డాను.

"నీ కూతురు కాదా? ఒక్క రోజన్నా దాని చెయ్యి పట్టుకున్నావా?"

"దాని నోటి దగ్గర కూడు లాగేసి, ముక్కులో రబ్బరు తోస్తుంటే పట్టుకోమంటావా?" అన్నాడు. "ఏం మారింది చెప్పు? చూడు దాని మొహం!"

నిజమే, ఇంకా ఏమీ మారలేదు.  లోపలికి వెళ్ళి మళ్ళీ గొట్టం చేతిలోకి తీసుకున్నాను.

క్రిస్మస్ మా అత్తగారింట్లో. ఆవిణ్ణి ఊరంతా కుయి, అంటే అవ్వ, అనే పిలుస్తారు. ప్రతి ఏడూ ఆ ఇంటి వెనక గొయ్యి తవ్వి, రాళ్ళు ఎర్రగా కాల్చి, మాంసమూ దుంపలూ గుమ్మడీ గంపల్లో పెట్టి మట్టి కప్పి ఉడికిస్తారు. వచ్చేవాళ్ళని లెక్కపెట్టే అలవాటు మాకు లేదు.

"అత్తా, ఈ ఏటికి వద్దు," అని ముందే ఫోన్‌లో చెప్పాను. "పిల్ల ముందు ఎలా తింటాం?"

"వద్దంటే మానేస్తాం," అంది కుయి. "కానీ మానేశాక అది ఏమనుకుంటుంది? నా మూలాన అందరి పండగా పోయిందనుకుంటుంది. జబ్బు మోస్తోంది చాలదా, అది కూడా మొయ్యాలా? తీసుకురా."

తీసుకెళ్ళాను. కుయి కహుని తన పక్కనే కూర్చోబెట్టుకుంది. మేనత్తలు ఒక్కొక్కరూ వచ్చి, "అయ్యో, ఒక్క దుంపముక్కకే ఏమవుతుందీ," అని మొదలుపెట్టగానే ఆ ముసలావిడ చేతికర్ర నేలకేసి కొట్టేది. "నా దగ్గర మొదలెట్టకండి. పొండి." భోజనానికి ముందు ప్రార్థన కహు చేతే చెప్పించింది. పిల్ల కళ్ళు మూసుకుని, తను తినబోని అన్నానికి, స్పష్టంగా, ఒక్క మాట తడబడకుండా కృతజ్ఞత చెప్పింది. 

భోజనాలయ్యాక కహు కనబడలేదు. వెతుక్కుంటూ ఇంటి పక్కకి వెళ్ళాను. కట్టెలు పేర్చిన చోట తండ్రీ కూతురూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. నేను మూల దగ్గరే ఆగిపోయాను. హోహెపా చేతిలో చిన్న కాగితం పొట్లం. విప్పాడు. గొర్రె పక్కటెముకల దగ్గరి ముక్క, రాళ్ళకి ఆని బాగా వేగి కరకరలాడే చోటు. కహుకి ప్రాణం ఆ ముక్క.

"ఎవరూ చూడటం లేదు," అన్నాడు. "ఒక్కటే. నాన్న చెప్పాడని తిను."

నేను అరవాల్సింది. గోడ పక్కనే నిలబడి చూశాను.

కహు ఆ ముక్కని చాలాసేపు చూసింది. ఒంగి వాసన చూసింది. తర్వాత పొట్లం మడిచి ఆయన చేతిలోనే పెట్టింది.

"వద్దు నాన్నా. నువ్వు తిను."

"నాకెందుకే..."

"నాకు నొప్పి తగ్గింది," అంది. "నాలుగు రోజులైంది. అమ్మకి చెప్పలేదు. చెబితే మళ్ళీ వస్తుందేమోనని భయమేసి. ఇది తింటే మళ్ళీ వస్తే ఎలా?"

 పొట్లం పట్టుకున్న హోహెపా చెయ్యి మోకాలి మీద అలాగే ఉంది. కహు ఆయన భుజానికి తల ఆనించింది.

"నువ్వు ఏడిస్తే నాకూ ఏడుపొస్తుంది. ఏడవకు," అంది.

నేను వెనక్కి తిరిగి వచ్చి గిన్నెలు కడగడానికి కూర్చున్నాను. ఎవరో ఏదో అడిగారు. ఏం చెప్పానో గుర్తులేదు.

ఆ సాయంత్రం కుయి వాళ్ళ వెనక గదిలో నేను గొట్టం తడుపుతుంటే హోహెపా లోపలికొచ్చాడు. చొక్కా చేతులు మడిచి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాడు.

"ఇవాళ నేను వేస్తాను. ఎలాగో చెప్పు."

"నీకు రాదు," అంది కహు భయంగా.

"రోజూ ఎన్ని గొర్రెల్ని పట్టుకుంటానే నేను?"

"నేను గొర్రెనా?"

"గొర్రెవైతే ఇంత వాదించేదానివి కావు."

మంచం మీద దాని వెనక కూర్చుని, ఒళ్ళోకి ఆనించుకున్నాడు. మెడ ఎలా ఉండాలో, తల ఎంత వంచాలో నేను చెబుతున్నాను. ఆయన బిగించి పట్టుకోలేదు. నేను పట్టుకునేదాన్ని, భయంతో. బొచ్చు తీసేవాళ్ళ చేతులు మొరటుగా ఉంటాయనుకుంటారు గానీ, ఉన్నిలోని కొవ్వు పట్టీ పట్టీ అవి పసిపిల్లల చేతుల్లా మెత్తబడిపోతాయి. "మింగు తల్లీ. మింగు. ఇంకొక్కటి." గొట్టం జారిపోయింది. కాగితం మీద చుక్క వేశాను. రంగు సరిగ్గా వచ్చింది.

"అయిపోయిందా?" అంది కహు.

"అయిపోయింది," అన్నాడు. అలాగే చాలాసేపు కూర్చున్నాడు, పిల్ల బరువంతా గుండెల మీద వేసుకుని.

అప్పట్నించి గొట్టం పని ఆయనదే. సాయంత్రం ఆఖరి గొర్రెని వదలగానే, ముఠా అంతా బీరు సీసాల చుట్టూ చేరితే ఈయన మాత్రం చేతులు కడుక్కోడానికి పోయేవాడు. "మంత్రసాని బయల్దేరిందర్రో!" అని పెర్ల్ అరిచేది. ఆయన వెనక్కి తిరక్కుండానే ఒక చెయ్యి ఊపేవాడు.

జనవరి ఎండలు ముదిరేసరికి కహు చెంపలకి రంగొచ్చింది. కుక్కలతో పోటీగా పరుగెత్తి కొండెక్కింది. ఒకరోజు దాని లాగు బిగుతైందని విసుక్కుంటే, నేను గుడ్డలు ఆరేసే తాడు పట్టుకుని నిలబడి నవ్వాను. పాలు మాత్రం చివరి రోజు వరకూ అది తిట్టుకుంటూనే తాగింది.

ఫిబ్రవరిలో మళ్ళీ కెమెరాతో చూశారు. డాక్టరమ్మ కొత్త బొమ్మలూ పాత బొమ్మలూ పక్కపక్కన పెట్టింది. పుండ్లు చాలావరకు మాని, పేగు గులాబీ రంగుకి తిరిగింది. ఆవిడ వేలు ఒకచోట ఆగింది.

"ఇక్కడ మాత్రం మంట తగ్గలేదు. సన్నబడుతోంది కూడా. తిండి మొదలుపెడదాం, మెల్లగా, ఒక్కొక్కటే. కానీ మందు కూడా కావాలి. నరంలోకి ఎక్కించే మందు. మొదట్లో దగ్గర దగ్గరగా, తర్వాత రెండు నెలలకోసారి ఇక్కడికి రావాలి."

"ఎన్నాళ్ళు?" అన్నాను.

"పనిచేసినన్నాళ్ళు."

"ఇన్ని వారాలు కడుపు మాడ్చుకుంది కదండీ," అంది నా నోరు, నాకు తెలీకుండానే.

"వృథా పోలేదు," అంది ఆవిడ. "తను అలా ఓర్చుకుంది కాబట్టే ఇవాళ ఇంత పేగు బాగుపడింది."

కహు తిరుగు దారిలో చాలా దూరం కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నది మీద వంతెన దాటాక, "పెళ్ళయ్యాక కూడా రావాలా?" అంది.

"రావాలేమో," అన్నాడు హోహెపా బండి నడుపుతూ. "నీ మొగుడికి దారి నేను చూపిస్తాలే."

ఆ నెలాఖర్న ముఠా ఉత్తరాన ఉన్న దీవికి కదిలింది. అక్కణ్ణించి ఆసుపత్రికి రావాలంటే సముద్రం దాటాలి. పదిహేడో ఏట నుంచీ ముఠా కదిలితే హోహెపా కదలకుండా ఉన్న రోజు లేదు. ఆయన నాతో ఏమీ చర్చించలేదు. తన కత్తెరలన్నీ నూనె గుడ్డలో చుట్టి, పెర్ల్ తమ్ముడి చేతికిచ్చి, "నా చోటు నువ్వు తీసుకో," అన్నాడు. డునీడిన్ దగ్గర కంచెలు వేసే పని ఒకటి మాట్లాడుకున్నాడు. నేను ఒక బడి వంటింట్లో చేరతానన్నాను.

పెర్ల్ బండెక్కే ముందు కహు తలమీద చెయ్యి పెట్టింది. "వంటమనిషిని లాగేసుకున్నావు. మంచి కత్తెరగాణ్ణి లాగేసుకున్నావు. ఇంక మేం ఆకలితో చస్తే ఆ పాపం నీదే," అని, దాన్ని గట్టిగా కావలించుకుని, మొహం చూపించకుండా బండెక్కేసింది. బండి దుమ్ము అణిగేదాకా హోహెపా గేటు దగ్గరే ఉన్నాడు.

నరంలోకి మొదటి మందు మార్చిలో. కిటికీ పక్కన పెద్ద కుర్చీలో కహుని కూర్చోబెట్టారు. లుసియానా సూది గుచ్చి, సంచీ తగిలించి, "ఈసారి ముక్కు జోలికి రానులే," అంది. కంచెల పని అలవాటు లేక అలిసిపోయిన హోహెపా కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. మందు చుక్క చుక్కగా దిగుతోంది. నేను పుల్లలతో ఊలు అల్లుతూ కూర్చున్నాను. అవతల కిటికీలోంచి సముద్రగాలి వస్తోంది.

"అమ్మా."

"ఊఁ? నొప్పిగా ఉందా?"

"కాదు." కహు కాసేపు ఆలోచించింది, లోపల ఏదో విని గుర్తుపట్టడానికి చూస్తున్నట్టు. "ఆకలేస్తోంది."

పుల్లలు నా చేతిలో ఆగిపోయాయి. కిందటి చలికాలం నుంచీ ఆ మాట దాని నోట వినలేదు. పెడితే తినేది, పొమ్మంటే పోయేది, పాలు పోస్తే తాగేది. ఆకలని ఒక్కనాడూ అనలేదు. అనడం లేదని కూడా నాకు ఆ క్షణం దాకా తెలీలేదు.

"ఏమన్నావే?"

"ఆకలి. చాలా."

హోహెపా కళ్ళు తెరిచాడు. నేను సంచీ వెతికాను. ఎంత మందికో వండి వార్చిన దాన్ని, నా సంచీలో ఒక్క రొట్టెముక్క లేదు. ఊలు ఉండ కిందపడి దొర్లుతోంది. చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే లేచి, ఆసుపత్రి మెట్లమీంచి కిందికి పరుగెత్తాను.